అన్నీ దీర్ఘాలే వినిపించిన ఏడాది

నాకు కోపం ముందు పుట్టి బుద్ధి తర్వాత పుట్టిందని మా అమ్మ అంటుండేది. కోస్తా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డ ఇల్లు మాది. ఊరు మారినా పెద్దవాళ్లు సామెతలు మాత్రం మూటగట్టి తెచ్చుకున్నారు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే" అని నేను కాలేజీకి బయల్దేరినా చెప్పేది, ఉద్యోగానికి బయల్దేరినా చెప్పేది. నేనేనాడూ చెవిన పెట్టలేదు. నా నోటి వల్ల ఒక పెద్దమనిషి తన చెవుల మీద నమ్మకం పోగొట్టుకున్నారు. ఆ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

తొంభైల చివర్లో ఆబిడ్స్‌లో ఒక చిన్న ట్రస్టు ఆఫీసులో చేరాను. పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, కింద చెప్పుల దుకాణం, పైన మేము. చూపులేని పిల్లలకు తెలుగు పుస్తకాలు బ్రెయిల్‌లో అచ్చువేయడం అక్కడి పని. మందపాటి కాగితం మీద చుక్కలు లేచి ఉంటాయి, పిల్లలు వేళ్లతో తడిమి చదువుకుంటారు. నా ఉద్యోగం పేరు సిస్టమ్స్. అంటే కంప్యూటర్లు, బ్రెయిల్ ప్రింటరు, ఫ్యూజులు, ఒక్కోసారి ఫ్యాను కూడా.

పుస్తకాలు టైపు చేసేదీ, ప్రింటు తడిమి ప్రూఫు దిద్దేదీ ఒక్కరే. మెదక్ వైపు మనిషి, యాభై దాటాయి. చిన్నప్పుడే మశూచి వచ్చి చూపు పోతే, మిషన్ బడిలో బ్రెయిల్ నేర్చుకున్నారు. నేను ఆయన్ని సార్ అనేదాన్ని. ఆయన నన్ను మామూలుగా బిడ్డా అనీ, ఏడిపించాలనుకున్నప్పుడు మేడమ్ అనీ పిలిచేవారు. ఆయన భార్య రోజూ నాంపల్లి నుంచి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి, ఆయన పక్కనే కూర్చుని పుస్తకం పైకి చదివేది. ఆమె చదువుతుంటే ఆయన కొట్టేవారు. ఎక్కడ కామా ఉందో ఎక్కడ ప్రశ్నార్థకం ఉందో ఆమె గొంతును బట్టే ఆయనకు తెలిసిపోయేది, విడిగా చెప్పే పని ఉండేది కాదు.

ఆదివారం గుడిలో కీర్తన ఎత్తుకునేది ఆయనే. చర్చిని వాళ్లు గుడి అనే అంటారు. ఇంకా ఎక్కువ పేరు భూస్థాపనల దగ్గర. ఎవరైనా పోతే, సమాధుల తోటలో మట్టి వేసేటప్పుడు ఈయన పాడాలని కబురు వచ్చేది. "అయ్యగారికంటె ముందు నాకే ఫోన్ చేస్తరు మేడమ్" అని నవ్వేవారు, అయ్యగారంటే వాళ్ల పాస్టరు. ఆమె మాత్రం నవ్వకుండా చెప్పేది: "ఈయన పాడుతుంటె మట్టి గూడ మెత్తగ పడ్తదమ్మా."

ఆయన వాడే ప్రోగ్రాము విండోస్ రాకముందటి డాస్ కాలం నాటిది. ఆయన స్నేహితుడు, ఒక లెక్కల మాస్టారు, ఈయన కోసమే రాసిపెట్టి తర్వాత కాలం చేశారు. అసలు కోడ్ ఆయనతోనే పోయింది. ఆరు మీటలు కలిపి నొక్కితే ఒక గుర్తు పడుతుంది. గుణింతం పడ్డప్పుడల్లా కంప్యూటరు ఒక కూత కూస్తుంది. హ్రస్వానికి పొట్టి కూత, దీర్ఘానికి పొడుగు కూత. 'గుడి' అని కొడితే రెండు పొట్టి కూతలు, 'కోడి' అని కొడితే ఒక పొడుగు, ఒక పొట్టి. మాకు తెరమీద అక్షరం కనిపించినట్టు ఆయనకు కూత వినిపించేది. అందులో చూసేందుకు ఏమీ లేదు, అంతా వినడమే.

నేను చేరిన మరుసటి ఏడాదే ఆ పాత కంప్యూటరు పాడైంది. కొత్త వాటి మీద ఆ ప్రోగ్రాము మొదలవ్వగానే పడిపోయేది, కొత్త మిషన్ల వేగం దానికి సరిపడలేదు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఒక కంప్యూటరు పత్రికతో పాటు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ సీడీ దొరికింది. దాంట్లో డాస్‌లా నటించే ఎమ్యులేటరు ఒకటి ఉంది. నెల రోజులు కుస్తీ పట్టి సార్ ప్రోగ్రామును దాని మీద ఆడించాను. కూతల భాగం అందులో సరిగ్గా లేకపోతే అది నేనే సొంతంగా రాశాను. మొదటిసారి పొట్టి కూత, పొడుగు కూత వేరువేరుగా వినిపించినప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి, గాలిలో నా తలకోసం వెతికి, తల మీద చెయ్యి పెట్టారు. ఆ రోజు ఇంటికి బస్సులో కాదు, నేలకు జానెడు ఎత్తున వెళ్లాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను కానీ అసలు పని అప్పుడే మొదలైంది. ఎమ్యులేటరును కిరాయికి ఉండే మనిషి అనుకోండి. ఇంటి ఓనరు కెర్నెల్, అంటే లినక్స్ లోపలి అసలు యంత్రాంగం. నీళ్లు ఎప్పుడొస్తాయి, గేటు ఎప్పుడు మూస్తారు అనే నియమాల కాగితాలే హెడర్లు. ఆ కాగితాలు చూసుకునే ఎమ్యులేటరు మసలుకోవాలి. ఓనరు ఏడాదికోసారి నియమాలు మార్చేవాడు. నిన్న ఉన్న పేరు ఇవాళ ఉండదు, ఈ ఫైలులో ఉన్నది ఆ ఫైలుకు పోతుంది. కంపైల్ చేస్తే, అంటే రాసిన కోడ్‌ను మిషన్ భాషలోకి మారిస్తే, నూట యాభై తప్పులు. నేను తిట్టుకుంటూ కూర్చుని, ఒక్కొక్కటే సర్దుకుంటూ వచ్చేదాన్ని.

అనుభవజ్ఞులు ఒక మాట చెబుతూనే ఉండేవారు: కెర్నెల్ లోపలి హెడర్లను నేరుగా వాడకండి, అవి దాని సొంతానికి రాసుకున్నవి, బయటివాళ్ల కోసం వేరే ఉన్నాయి అని. నాకు ఆ ఓపిక లేదు. లోపలివే లింకు పెట్టేసేదాన్ని. పని జరిగిపోతోంది కదా అనుకునేదాన్ని.

ఒకసారి ఒక కూత ఆగకుండా ఇరుక్కుపోయింది. చెవులు చిల్లులు పడేలా మోత. చెప్పుల దుకాణం ఆయన పైకి ఉరికొచ్చాడు. "ఏంది మేడం, అంబులెన్స్ గిట్ల ఒచ్చిందా పైకి?" అందరం పడీ పడీ నవ్వాం. మళ్లీ అలా జరగకూడదని ఆ సాయంత్రమే కోడ్‌లో ఒక హద్దు పెట్టాను. ఏ కూతైనా సరే, దీర్ఘం ఎంత పొడుగో అంతకు మించితే అక్కడే కోసెయ్యాలి. అదొక మంచి ఏర్పాటు అనుకుని మురిసిపోయాను కూడా.

రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయింది. కంప్యూటరు మళ్లీ పోయింది. కొత్తది కొంటే దానికి కొత్త కెర్నెల్ తప్ప ఎక్కదు. అప్పుడే అది పెద్ద మార్పు, రెండు పాయింట్ నాలుగు పోయి రెండు పాయింట్ ఆరు వచ్చింది. జూన్‌లోపు పుస్తకాలు ఇవ్వాలని మేనేజరు ఒకటే పోరు. మూడు రోజులు తలకిందులుగా తపస్సు చేసి హెడర్లన్నీ సరిచేశాను. నాలుగో రోజు ఒక్క తప్పు కూడా లేకుండా, ఒక్క హెచ్చరిక కూడా లేకుండా కంపైల్ అయింది. జన్మలో అలా కాలేదు. ఆఫీసు మొత్తానికి సమోసాలు తెప్పించాను.

మర్నాడు పొద్దున్నే సార్ పిలిచారు. "బిడ్డా, మిషన్ మంచిగనే ఉన్నదా?"

నేను ప్రింటరు కేబులు పిన్నులతో యుద్ధం చేస్తున్నాను. "ఏమైంది సార్?"

"ఏం లే. కూత జర వేరే తీరు ఒస్తున్నట్టు అనిపిస్తున్నది."

విసుగ్గా లేచి వెళ్లాను. ఆయన భుజం మీంచి వంగి రెండు మాటలు కొట్టాను. తెరమీద అక్షరాలు తప్పు లేకుండా పడ్డాయి. కూత కూడా వచ్చింది. కూత వస్తే చాలు నాకు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం నేను, అందులోనూ మూడు రోజులు నిద్రలేకుండా పట్టిన కుందేలు.

"మిషన్ పర్ఫెక్టుగా ఉంది సార్. మీరే కాస్త చెవి పెట్టి వినండి" అన్నాను.

ఆయన భార్య పుస్తకంలోంచి తలెత్తి నా వంక చూసింది.  ఆయన మాత్రం, "ఔ మేడమ్" అన్నారు. ఏడిపించడానికి అన్న మేడమ్ కాదది. నేను మళ్లీ నా కేబులు దగ్గరికి వెళ్లిపోయాను.

ఆ తర్వాత ఆయన పని నెమ్మదించింది. ఇదివరకు పాఠమంతా కొట్టాక ఒక్కసారి ప్రింటు తీసేవారు. ఇప్పుడు పేజీ కొట్టడం, ప్రింటు తీసి వేళ్లతో తడమడం, మళ్లీ కొట్టడం. మందపాటి కాగితం దండగవుతోందని మేనేజరు రెండుసార్లు సణిగాడు. వయసు మీద పడుతోంది కాబోలు అనుకున్నాను. అంతే అనుకున్నాను, ఇంకో ఆలోచన నా బుర్రకు తట్టలేదు. ఒకప్పుడు కూతకు కూత జవాబు చెబుతున్నట్టు చకచకా సాగే వేళ్లు, ఒక్కో మాట దగ్గర ఆగి ఉండిపోతుంటే, నాలుగు అడుగుల దూరంలో కూర్చుని చూస్తూ ఉన్నాను.

నాలుగు నెలలకు ఆయన మానేస్తానన్నారు. మేనేజరు పెద్దగా బతిమాలలేదు. "ఇంక సాలు బిడ్డా, మస్తు కొట్టిన" అన్నారు నాతో. శాలువా కప్పాం, అందరం కలిసి భోంచేశాం. ఒక్క కీర్తన పాడమని ఎవరో అడిగితే, "గొంతు మంచిగ లేదు" అని తప్పించుకున్నారు. మెట్లు దిగుతుంటే ఆమె ఒక్కో మెట్టూ చెబుతోంది. పన్నెండేళ్లుగా ఎక్కి దిగిన మెట్లవి, ఎప్పుడూ చెప్పాల్సిన అవసరం రాలేదు. నాకు అప్పుడైనా అనుమానం రావలసింది.

ఆయన కుర్చీలోకి ఇద్దరమ్మాయిలు వచ్చారు, చూపున్నవాళ్లు, కొత్త సాఫ్ట్‌వేరుతో. కానీ సార్ కొట్టిన పాత పుస్తకాలన్నీ ఆ డాస్ ప్రోగ్రాములోనే ఉన్నాయి కనుక ఏటా జూన్‌లో వాటిని తెరిచి ప్రింటు తీయాలి. అందుకోసం ఎమ్యులేటరు బతికి ఉండాలి. స్పీకరు మాత్రం ఆ అమ్మాయిలు తీసేయమన్నారు, తలనొప్పట. తీసేశాను.

మరుసటి వేసవిలో మా వాళ్ల పెళ్లికి బెజవాడ వెళ్లి వచ్చేసరికి, సార్ భార్య పోయిందన్నారు. గుండె. భూస్థాపన కూడా అయిపోయింది. వెళ్లి పలకరించాలి అనుకున్నాను. ఇవాళ రేపు అంటూ వారాలు గడిపేశాను. చావు ఇంటికి ఆలస్యంగా వెళ్లాలంటే సిగ్గు, సిగ్గుపడుతూ కూర్చుంటే ఇంకా ఆలస్యం. నాంపల్లి స్టేషను మీదుగా బస్సులో వెళ్లినప్పుడల్లా వాళ్ల సందు వైపు చూసి, మళ్లీ మొహం ముందుకు తిప్పుకునేదాన్ని.

ఇంకో కెర్నెల్ వచ్చింది. మామూలుగానే తిట్టుకుంటూ కంపైల్ మొదలుపెట్టాను. ఈసారి ఒకే ఒక్క తప్పు వచ్చింది. నేను రాసిన కూతల భాగంలో, ఫలానా అంకె హెడర్లో లేదు అని. కెర్నెల్‌కు ఒక నాడి ఉంటుంది, సెకనుకు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చెప్పే అంకె అది. కూత ఎంతసేపు ఉండాలో నేను దాన్ని బట్టే లెక్కగట్టాను. బయటివాళ్లు దీన్ని వాడుకోకుండా ఈసారి ఏకంగా తీసేశారు. ఇంతకుముందు ఎంత ఉండేదో చూసి ఇక్కడ రాసేద్దామని పాత హెడర్లు తెరిచాను. అన్నిటికన్నా పాతదాంట్లో వంద. సార్ మానేసిన ఏడాది దాంట్లో వెయ్యి.

చాలాసేపు ఆ రెండు అంకెల వంకా చూస్తూ కూర్చున్నాను. కొత్త కెర్నెల్ లోపల వెయ్యిసార్లు కొట్టుకుంటున్నా, బయటి ప్రోగ్రాములతో వంద లెక్కనే మాట్లాడుతుంది. నేను బయటి కాగితం చదవకుండా లోపలి కాగితం చదివాను. అంటే ప్రతి కూతనూ నేను పదింతలు అడిగాను. అంత పొడుగు కూత వచ్చి ఉంటే ఆఫీసంతా పరుగెత్తుకొచ్చేది, అదే రోజు బయటపడేది. బయటపడకుండా నా హద్దు అడ్డం పడింది. పదింతలైన హ్రస్వాన్నీ, పదింతలైన దీర్ఘాన్నీ ఒకే చోట కోసేసింది. దాచిన స్పీకరు వెతికి తెచ్చి తగిలించి, ఆ ఏడాది నాటి ఎమ్యులేటరు మీద 'గుడి' అని కొట్టాను. గూడీ అని వినిపించింది. 'కొడుకు' అని కొట్టాను. కోడూకూ. ఏది కొట్టినా అన్నీ దీర్ఘాలే.  పక్కనున్న అమ్మాయి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి నాంపల్లి వెళ్లాను. నడిచే వెళ్లాను, దారిలో మాటలు కూడబలుక్కోవచ్చని. ఒక్క మాటా కుదరలేదు.

గది తలుపు తీసే ఉంది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు, చిక్కిపోయారు. నా అడుగు చప్పుడుకే, "మేడమ్ ఒచ్చిన్రా?" అన్నారు. ఆ చెవులు ఎలాంటివో నాకు అక్కడే తెలిసిపోయింది. ఆమె గురించి రెండు మాటలు అన్నాను. రాలేకపోయానన్నాను. "గంతే బిడ్డా, దేవుడు పిలిచిండు" అన్నారు. ఇక ఆగితే చెప్పలేనని, వంద, వెయ్యి, హద్దు, అన్నీ గబగబా చెప్పేశాను. ఆయన మధ్యలో ఆపి రెండు ప్రశ్నలు వేశారు, ప్రూఫు దిద్దే మనిషి కదా. 

"గట్లయితే నా చెవులు మంచిగనే ఉన్నయన్నట్టు."

"ఔను సార్. మీ తప్పేం లేదు. అంతా నాదే."

"కొడుకు అని కొడ్తె కోడూకూ అని వినవడ్తుండె. ప్రింటు తీసి వేళ్లతోని చూస్తె కొడుకు అనే ఉండె. మిషన్ మంచిగున్నదని నువ్వు చెప్పితివి. వేళ్లు మంచిగున్నయి. ఇంక మిగిలింది చెవులే గదా. కండ్లు పోయినయి, ఇప్పుడు చెవుల వంతొచ్చింది అనుకున్న."

"కోఠీ చెవుల ఆస్పత్రిలో చూపించుకోవాల్సింది సార్" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. ఇంకా ఆయన మీదకే నెడుతున్నాను.

"చిన్నప్పుడు కండ్లకోసం మా అవ్వ నన్నెత్తుకోని తిరగని దవాఖాన లేదు. ఇంక లాభం లేదు అని చెప్పిచ్చుకునుడు ఒక్క జన్మల ఒక్కపారి సాలు బిడ్డా."

నేను ఏడుపు ఆపుకోవడానికి పని గురించి మాట్లాడాను. అంతా సరిచేశాను, మళ్లీ రండి, మేనేజరుతో నేను మాట్లాడతాను అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "చదివేటామె ఏది?" అన్నారు.

 వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది ఎంతకీ అందుకోవడం లేదు. అది ఆగాక ఆయన నెమ్మదిగా చెప్పారు:

"గుడిల పాడుడు ఆ ఏడే బంద్ చేసిన. హ్రస్వమేదో దీర్ఘమేదో తెలవనోడు తాళమేం పట్టుకుంటడు? దవాఖానల ఉన్నప్పుడు ఆమె నన్ను అడిగింది. నేను పోతే నువ్వే పాడాలె, ఇంకొకల్లు వద్దు అన్నది. సరే అన్న. సమాధుల తోటల అందరు నాకోసం సూస్తున్రు, అయ్యగారు గూడ ఆగిండు. నేను నోరు తెరవలే బిడ్డా. అపశ్రుతి పడ్తె అందరి ముంగట ఆమెకు చిన్నతనమైతదని. ఊకె నిలవడ్డ. మట్టి పడే సప్పుడే ఇన్న."

 క్షమించమని అడగడానికే వెళ్లాను కానీ ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆమె బతికి ఉంటే నన్ను తిట్టేదేమో, ఆయన తిట్టలేదు. తిడితే ఎంతో బాగుండేది. 

ఆయన మొహం నా వైపు తిప్పారు. కోపం లేదు, ప్రూఫులో ఒక మాట అర్థం కానప్పుడు అడిగే గొంతే.

"ఒక్కటి చెప్పు బిడ్డా. మిషన్ మంచిగున్నది అన్నవు గదా ఆ దినం. ఇని చెప్పినవా, సూసి చెప్పినవా?"

"చూసి చెప్పాను సార్" అన్నాను.